ఎవరి ఫోల్డర్ వాళ్ళది

నస్రత్‌కి చిన్నప్పటి నుంచీ ఎక్కడి వస్తువు అక్కడ లేకపోతే మనసు నిలిచేది కాదు. వాళ్ళ నాయన బుడే చిలకలూరిపేటలో పరుపులు కుట్టేవాడు. ఇంటినిండా దూది ఎగురుతుండేది. ఆ ఇంట్లోనే తన పుస్తకాల గూటికి పాత చీరముక్క అడ్డం కట్టి, ఒక్క పోగు కూడా లోపలికి పోనిచ్చేది కాదు ఆ పిల్ల. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ నేర్చుకుని, హైవే పక్కన అంకమ్మరావు గారి కంప్యూటర్ సెంటర్లో టీచరుగా చేరింది.

అంకమ్మరావు పత్తి వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా చావయినా ముందుండేవాడు. తన జిన్నింగ్ మిల్లు వెనక ఉన్న షెడ్లను చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్ళకి ఇచ్చాడు. బుడే పరుపుల కొట్టు కూడా వాటిలోనే ఉంది. ఆయన మాటంటే బుడేకి తిరుగులేదు.

రెండు వేల తొమ్మిది ఎండాకాలంలో ఒకరోజు ఆయన నస్రత్‌ని తన అద్దాల గదిలోకి పిలిచాడు.

"ఇంటరు అయిపోయిన పిల్లలకి ఫీజు లేకుండా ఒక క్లాసు పెడదామమ్మా. టైపింగూ గీపింగూ కాదు. సర్దుకోవడం నేర్పు. రేపు ఇంజనీరింగుకి పోతే అన్నీ కంప్యూటర్లోనే కదా. మన పల్లెటూరి పిల్లలకి మెయిలంటే తెలీదు, దాచిన ఫైలు ఎక్కడుందో తెలీదు. కాలేజీలో నలుగురి ముందు బిత్తరపోతారు. నువ్వయితే బాగా చెబుతావు."

నస్రత్ వెంటనే ఒప్పుకుంది. తను కాలేజీలో చేరిన కొత్తలో సరిగ్గా అలాగే బిత్తరపోయింది.

చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు వచ్చారు. మొదటిరోజు ఆమె ప్రతి కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళి చూసింది. వీరబాబు అనే కుర్రాడు తన ఇంటరు మెమోని స్కాన్ చేయించి దానికి 'aaaa' అని పేరు పెట్టాడు. ఇంకొకడి ఫోటో సినిమా పాటల మధ్యలో దొరికింది. కోటేశ్వరి అనే అమ్మాయి అన్నీ, పనికిరానివి పడేసే రీసైకిల్ బిన్‌లో పెట్టింది. "బుట్ట గుర్తు ఉంటే దాచుకునేదనుకున్నా మేడం" అని ఆ పిల్ల అంటే క్లాసంతా గొల్లుమంది.

నస్రత్ నవ్వలేదు. బోర్డు మీద రాసింది: ఎవరి ఫోల్డర్ వాళ్ళది. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు, ఆ తర్వాత సంవత్సరం. దాని లోపల సర్టిఫికెట్లకి ఒక అర, ఫోటోలకి ఒకటి, ఉత్తరాలకి ఒకటి. "కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా మీ టీసీ మీకు దొరకాలి" అనేది. వారం తిరిగేసరికి పిల్లలకి ఆ సర్దుడు ఒక ఆటయిపోయింది. ఒకరి ఫోల్డర్ ఒకరు చూసి తప్పులు పట్టుకునేవాళ్ళు. వాళ్ళందరిలో లక్ష్మీదుర్గ ముందుండేది. మార్టూరు అవతలి పల్లె ఆమెది. తండ్రి వెంకయ్య మిరప, పత్తి వేస్తాడు. ఆ పిల్ల మాట్లాడేది తక్కువ. ఏదైనా ఒకసారి చెబితే చాలు.

మెయిలు పాస్‌వర్డులు చెప్పే రోజున అంకమ్మరావు క్లాసులోకి వచ్చి వెనక నిలబడ్డాడు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని, ఎక్కడా రాయకూడదని నస్రత్ చెబుతోంది.

"అమ్మా, ఒక్క మాట" అన్నాడాయన. "వీళ్ళు రేపటికే మర్చిపోతారు. సీట్లకి ఆప్షన్లు పెట్టుకునే టైములో పాస్‌వర్డు పోతే పిల్లల బతుకు పోద్ది. అన్నీ వాళ్ళ వాళ్ళ ఫోల్డర్లోనే ఒక ఫైల్లో రాయించి పెట్టు. మన సెంటరే కదా, బయటికి ఎక్కడ పోతాయి?"

ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. కానీ ఆయన ముందు, పిల్లల ముందు కాదనలేకపోయింది. పైగా ఆయన మాటలోనూ నిజం లేకపోలేదు. అందుకు ముందురోజే ముగ్గురు పాస్‌వర్డు మర్చిపోయి ఏడుపు మొహాలు పెట్టారు. అందరి చేతా రాయించింది.

ఆ తర్వాతి రోజు నుంచి బుల్లయ్య అనే మనిషి రావడం మొదలుపెట్టాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. ఎవరని అడిగితే "అంకమ్మరావు గారి స్నేహితుణ్ణమ్మా" అన్నాడు. అద్దాల గదిలో కూర్చుని, అక్కడి పెద్ద కంప్యూటర్లో ఏదో చూసుకునేవాడు. క్లాసులోని కంప్యూటర్లన్నిటికీ ఆ పెద్దదానితో లింకు ఉంది. నస్రత్ పాఠం చెబుతూ తల తిప్పినప్పుడల్లా అద్దం అవతలి నుంచి ఆ మనిషి తనని కాదు, పిల్లల్ని చూస్తున్నట్టు కనిపించేది. సంతలో గొడ్లని చూసేవాడి చూపులా ఒక్కొక్కరి మీదా ఆగి కదిలేది.

ఒకసారి మెట్ల దగ్గర ఎదురై, "ఇంత నీటుగా ఎవరూ సర్దరమ్మా" అన్నాడు. "ఏ పిల్లాడి కాగితం కావాలన్నా నిమిషంలో దొరుకుతోంది."

"మీకెందుకండీ పిల్లల కాగితాలు?" అంది నస్రత్.

అతను నవ్వి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వానలు మొండికేశాయి. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. పత్తి గింజలు పెట్టినవాళ్ళు మళ్ళీ దున్నుకున్నారు. గ్రానైటు బండలు మోసే లారీలు హైవే మీద పోతుంటే లేచిన దుమ్ము సెంటర్ కిటికీల మీద ఎర్రగా పేరుకునేది. ఇంజనీరింగు ర్యాంకులు వచ్చాయి. కౌన్సెలింగ్ కేంద్రంలో సర్టిఫికెట్లు చూపించిన పిల్లలకి ఒక నంబరిచ్చారు. ఆ నంబరుతో సైటులోకి వెళ్ళి, సొంత పాస్‌వర్డు పెట్టుకుని, తమకి కావలసిన కాలేజీలు వరసగా పెట్టుకోవాలి. గడువు దాటితే ఇక మార్చడానికి లేదు. పిల్లలు చూపించి తెచ్చుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ అంకమ్మరావు తీసుకుని, మళ్ళీ స్కాన్ చేయించాలంటూ తన బీరువాలో పెట్టించాడు.

లక్ష్మీదుర్గకి మంచి ర్యాంకే వచ్చింది. బాపట్లలో ఎలక్ట్రానిక్స్ చదవాలని ఆ పిల్ల కోరిక. నస్రత్ పక్కన కూర్చుని ఆప్షన్లు పెట్టించింది. ఆ పాస్‌వర్డు కూడా అలవాటుగా ఫోల్డర్లోని ఫైల్లోకి ఎక్కింది. మొదట బాపట్ల, తర్వాత గుంటూరు, ఆ తర్వాత ఒంగోలు. అన్నీ సరిచూసుకుని ఇద్దరూ మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని తిన్నారు.

మర్నాడు కోటేశ్వరికి చూపిద్దామని లక్ష్మీదుర్గ తన పేజీ తెరిచింది. తెరిచి అలాగే ఉండిపోయింది.

"మేడం, ఒకసారి ఇటు రండి."

ఆ గొంతు విని నస్రత్ చేతిలోని చాక్‌పీసు అక్కడే పెట్టి వచ్చింది. పేజీలో బాపట్ల లేదు, గుంటూరు లేదు. పై నుంచి కింద దాకా ఒక్కటే పేరు. సుధన్వ ఇంజనీరింగ్ కాలేజీ, ఒక్కో వరసలో ఒక్కో బ్రాంచి.

"ఇవి నేను పెట్టినవి కాదు మేడం."

"తెలుసు. నేనూ ఉన్నాగా. ఇదెక్కడి కాలేజీ?"

"దర్శి అవతల, కొత్తది" అన్నాడు వీరబాబు పక్క నుంచి. "మా మేనమామ చూశాడంట. గోడలు లేచాయంతే."

ఇద్దరూ కూర్చుని అన్నీ చెరిపేసి మొదటి నుంచి మళ్ళీ పెట్టారు. సేవ్ చేశారు. నస్రత్ పేజీ మూసి, అనుమానం తీరక మళ్ళీ తెరిపించింది. బాపట్ల ఉంది. ఊపిరి పీల్చుకుని లేవబోతూ ఇంకోసారి తెరవమంది. మొదటి వరస మారిపోయి ఉంది. మళ్ళీ తెరిస్తే రెండోది. ఎవరో ఎక్కడో కూర్చుని, ఈ పిల్ల పేరుతో, తొందరేమీ లేకుండా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతున్నారు.

"పాస్‌వర్డు మార్చెయ్యి, తొందరగా" అంది నస్రత్.

లక్ష్మీదుర్గ కొత్తది కొట్టబోయింది. పేజీ బయటికి తోసేసింది. మళ్ళీ లోపలికి రానియ్యలేదు. పాస్‌వర్డు అవతలివాళ్ళే ముందు మార్చేశారు. మెయిలు తెరుద్దామంటే అదీ తెరుచుకోలేదు.

నస్రత్ తలెత్తి అద్దాల గదివైపు చూసింది. బుల్లయ్య లేడు. అంకమ్మరావు ఒక్కడే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పెద్ద కంప్యూటర్ తెర ఆయన వైపుకి తిరిగి ఉంది.

ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"సార్, దుర్గ ఆప్షన్లు ఎవరో మార్చేస్తున్నారు. మన కళ్ళముందే."

"కూర్చోమ్మా" అన్నాడాయన, పేపరు మడుస్తూ. "దుర్గ ఒక్కదానివే కాదు, అందరివీ బుల్లయ్య వాళ్ళు చూసుకుంటున్నారు. కొత్త కాలేజీ, సీట్లు నిండాలిగా. మన పిల్లలందరూ ఒకే చోట కలిసి చదువుకుంటారు. ఆడపిల్లలకి మరీ మంచిది. ఎవరికి నష్టం చెప్పు?"

ఒక్క క్షణం ఆమెకి ఆయన మాట అర్థం కాలేదు.

"ఆ పిల్లలు మనల్ని నమ్మి వచ్చారు సార్."

"నమ్మారు కాబట్టే కదమ్మా పని సులువైంది. ఊరూరా తిరిగితే ఒక్కడివీ పూర్తిగా దొరకవు. ఒకడికి టీసీ ఉండదు, ఇంకొకడికి పాస్‌వర్డు గుర్తుండదు. నువ్వు ఎంత చక్కగా సర్దిచ్చావు! బుల్లయ్య రోజూ నీ పేరే చెబుతాడు." ఆయన గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది. "మీ నాయన నిన్న కనబడ్డాడు. దగ్గొస్తోందంట. ఈ వయసులో ఆయన కొట్టు ఇంకో చోటికి మార్చుకోవడం కష్టం కదా. జాగ్రత్తగా చూసుకో."

నస్రత్ బీరువా వైపు చూసింది. ఆమె చూపు గమనించి ఆయనే లేచి తలుపు తెరిచి చూపించాడు. అరలు ఖాళీగా ఉన్నాయి.

"ఒరిజినల్స్ కాలేజీలోనే భద్రంగా ఉన్నాయి" అన్నాడు.

ఇంటికి వచ్చి తండ్రితో చెబితే బుడే కుట్టడం ఆపి తలెత్తాడు. తల్లి సర్దార్‌బీ, "మనకెందుకే, పెద్దోళ్ళతో" అంది. బుడే మాత్రం, "ఆ పిల్ల నాయనకి చెప్పావా?" అని అడిగాడు.

"ఇంకా లేదు నాయనా."

"ముందు చెప్పు. కొట్టు సంగతి తర్వాత చూద్దాం."

ఆమె తన సెల్‌ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ చేసింది. కొన్ని పలకలేదు. కోటేశ్వరి వాళ్ళ అన్న సగం విని పెట్టేశాడు. వీరబాబు తండ్రి, "అంకమ్మరావు గారు అంతా చూసుకుంటానన్నారమ్మా. ఆయన మాట కాదని నువ్వెందుకు మధ్యలో దూరతావు?" అన్నాడు. వెంకయ్య ఒక్కడే మాట తెగకుండా విన్నాడు.

"ఎక్కడుందమ్మా ఆ కాలేజీ?" అన్నాడు చివరికి. "తెల్లారి మొదటి బస్సుకి పోదాం. నువ్వూ రావాల. నాకు ఆ కాగితాలేందో తెలీదు."

గడువు మర్నాటి సాయంత్రంతో ముగుస్తుంది. ఒరిజినల్స్ చూపిస్తే ఒంగోలు కేంద్రంలో పాత పాస్‌వర్డు కొట్టేసి కొత్త నంబరిస్తారని నస్రత్ కనుక్కుంది. తెల్లారి లక్ష్మీదుర్గతో కలిసి ముగ్గురూ అద్దంకి మీదుగా దర్శి చేరి, అక్కణ్ణుంచి ఆటోలో బయల్దేరారు. దారి పొడుగునా బీళ్ళు. వాన కోసం దున్ని వదిలేసిన నల్లనేల నెర్రెలిచ్చి ఉంది. ఆటోవాడు మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి, "చేర్పించడానికా, విడిపించడానికా?" అని అడిగాడు.

కాలేజీ ముందు భాగానికి రంగు వేసి ఉంది. పక్కకి తిరిగితే ఇటుకలే. గేటు దగ్గర కాపలావాడు, "ఎవర్నీ పంపొద్దన్నారండీ" అన్నాడు. వెంకయ్య అతన్ని పక్కకి తోసి లోపలికి నడిచాడు. వరండాలో గదుల మీద బోర్డులున్నాయి. కంప్యూటర్ ల్యాబ్ అని రాసి ఉన్న గదిలో సిమెంటు బస్తాలున్నాయి. లైబ్రరీ అని రాసి ఉన్నదాంట్లో ఏమీ లేదు. మనుషుల అలికిడి వినిపించేది ఒక్క చివరి గదిలోనే.

ఆ గదిలో కుర్రాళ్ళు కొందరు కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. గోడల పొడుగునా ఇనప ర్యాకులు. ర్యాకుల నిండా అట్ట ఫైళ్ళు. ప్రతి ఫైలు వీపు మీదా ఇంటిపేరు, సొంత పేరు, సంవత్సరం. చిలకలూరిపేటవే కాదు. పొదిలి, కనిగిరి, మార్కాపురం, వినుకొండ. నస్రత్ ఎన్నడూ మొహం చూడని పిల్లలు, ఆమె బోర్డు మీద రాసిన వరసలోనే అక్కడ నిలబడి ఉన్నారు.

బుల్లయ్య లేచి ఎదురొచ్చాడు. "రండి టీచరు గారూ. చూశారా, మీ పద్ధతే పెట్టించాం."

వెంకయ్య ముందుకొచ్చాడు.

"ఏందయ్యా నీ పద్ధతి? నా బిడ్డ కాగితాలు నా చేతికియ్యి."

"ఇస్తాం పెద్దాయనా, కంగారెందుకు? సీటు ఇక్కడే వస్తుంది. మళ్ళీ తెచ్చి ఇక్కడే ఇవ్వాలి. ఊరికే తిరగడం."

"నా బిడ్డ యాడ చదవాల్నో చెప్పేదానికి నువ్వెవడివిరా?" వెంకయ్య గొంతుకి కంప్యూటర్ల ముందున్న కుర్రాళ్ళు తలలెత్తారు. "ఇస్తావా, రోడ్డు మీదికెళ్ళి ఊరిని పిలవనా?"

బుల్లయ్య నవ్వు చెదరలేదు. ర్యాకు దగ్గరికి వెళ్ళాడు. వెతకాల్సిన పనే లేకపోయింది. చెయ్యి పెట్టగానే ఫైలు వచ్చింది. అది లక్ష్మీదుర్గ చేతిలో పెడుతూ, "మీ టీచరు మంచి పని నేర్పిందమ్మా" అన్నాడు.

నస్రత్ అప్పుడు, "మిగతా మా పిల్లలవి కూడా ఇవ్వండి" అంది.

"వాళ్ళ నాయనలొచ్చారా?" అన్నాడతను.

ఒంగోలు చేరేసరికి పొద్దు వాలింది. కేంద్రంలో జనం. గుమాస్తా కాగితాలు తిరగేసి, ఏ ప్రశ్నా వేయకుండా కొత్త నంబరిచ్చాడు. పక్క సందులో నెట్ సెంటర్లో కుర్చీ దొరికేదాకా నిలబడ్డారు. ఈసారి లక్ష్మీదుర్గ పాస్‌వర్డు కొట్టేటప్పుడు నస్రత్ మొహం పక్కకి తిప్పుకుంది. వెంకయ్యని కూడా తిప్పుకోమంది. బాపట్ల మళ్ళీ మొదటి వరసలోకి వచ్చింది. గడువు ముగిసి పేజీ మూతపడేదాకా ముగ్గురూ ఆ తెర ముందు నుంచి కదల్లేదు.

లక్ష్మీదుర్గకి బాపట్లలో సీటు వచ్చింది. క్లాసులో మిగిలినవాళ్ళలో దాదాపు అందరికీ సుధన్వలోనే వచ్చింది. కొందరు గోల చేశారు. ఆప్షన్లు మీ పాస్‌వర్డుతోనే పెట్టి ఉన్నాయన్నారు కాలేజీవాళ్ళు, మీరు పెట్టలేదని రుజువేదన్నారు. కోటేశ్వరి చేరకుండా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పిల్ల అన్న ఒకసారి బజార్లో నస్రత్‌కి ఎదురుపడి, చెయ్యెత్తి నమస్కారం పెట్టబోయి, మధ్యలో ఆపేసి వెళ్ళిపోయాడు.

నస్రత్ పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. అక్కడ విన్నాయన, "పాస్‌వర్డులు రాయించిందెవరమ్మా?" అని అడిగాడు. ఆమె తనేనని చెప్పింది. ఆయన కలం కింద పెట్టి, "బాగా ఆలోచించుకుని రా" అన్నాడు. ఆలోచించుకుని కూడా వెళ్ళింది. రాసి ఇచ్చి వచ్చింది. ఆ కాగితం ఏమైందో ఎవరూ చెప్పలేదు.

పనికి తనే మానుకుంది. బుడేని షెడ్డు ఖాళీ చెయ్యమని అంకమ్మరావు అనలేదు. మనిషి చేత ఒక్కమాట కూడా చెప్పించలేదు. దారిలో కనబడితే దగ్గు ఎలా ఉందని అడిగేవాడు. ఆ అడగడం భరించలేక బుడే తనంతట తనే కొట్టు ఎత్తేసి ఇంటి అరుగు మీద పెట్టుకున్నాడు.

మరుసటి ఏడు, పత్తి మొక్కలు జానెడు లేచిన రోజుల్లో, వీరబాబు వచ్చాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. నస్రత్ అరుగు మీద చాప వేసింది.

"కాలేజీ ఎలా ఉంది వీరబాబూ?"

"పర్లేదు మేడం. ల్యాబొచ్చింది. సార్లు సరిగ్గా రారు గానీ, మాకు పని మాత్రం ఉంటది." ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహంలో గర్వం కనిపించింది. "మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళమని ఆఫీసులో మాకే ఇచ్చారు. కొత్త పిల్లల ఫోల్డర్లన్నీ నేనే చేస్తన్నా. 'aaaa' లాంటివేం లేవిప్పుడు."

"ఇంటరు పిల్లలవా?"

"వాళ్ళవి అయిపోయాయి మేడం. ఇప్పుడు పదో తరగతి వాళ్ళవి. స్కూళ్ళే పంపుతున్నాయి. అంతా చిన్నప్పుడే సర్దితే ముందు ముందు ఈజీ అంట, బుల్లయ్య గారు చెప్పారు."

లోపల సర్దార్‌బీ టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. వీరబాబు తను ఏదైనా తప్పు మాట్లాడానా అన్నట్టు ఆమె మొహం చూశాడు.

"వీరబాబూ, నీ పాస్‌వర్డు ఎవరి దగ్గరుందిరా?"

వాడికి ఆ ప్రశ్న వింతగా తోచింది. నవ్వేశాడు.

"ఆఫీసులో ఉంటది మేడం. నాకెందుకు?"